బియ్యంలో పెట్టిన ఫోన్

ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తల్లో గుణశేఖర్ ముచ్చటపడి ఫోన్ కొన్నాడు. హార్బర్‌లో ఓడల్ని లాగే టగ్గు మీద అతని పని. డ్యూటీ దిగుతూనే మల్కాపురంలో ఉన్న పెళ్లాం గౌరీశ్వరికి ఫోన్ కొట్టి, అన్నం వార్చేశావా అని అడిగేవాడు.

ఆ టగ్గు మీంచే జారి సముద్రంలో పడ్డాడు. ఎంత వెతికినా మనిషి దొరకలేదు. తర్వాత ఎవరిదో మరపడవ వలలో అతని చొక్కా వచ్చింది. గుండీ పెట్టిన జేబులో ఫోన్ ఉంది.

గౌరీశ్వరి బ్యాటరీ ఊడదీసి కిటికీలో ఆరబెట్టి, సిమ్ తీసి, పాత పంచెగుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచింది. పక్కింటి పాపాయమ్మ చెప్పిందని ఫోన్‌ని బియ్యం డబ్బాలో పూడ్చింది. అది పలికితే, నీళ్లలో పడ్డాక ఎవరికైనా చేశాడేమో, ఎక్కడైనా ఒడ్డెక్కాడేమో తెలుస్తుంది. పిచ్చి ఆశే. మొగుణ్ణి పోగొట్టుకున్నదానికి ఇంకేం మిగిలింది గనక?

మామగారు శ్రీరామ్మూర్తి పద్మనాభం ఊరి నుంచి వచ్చాడు. శవం దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ కట్టి, పేరుపెట్టి పిలిచి, దహనం చేస్తారు. అది చెయ్యకపోతే కొడుకు దిక్కులేక తిరుగుతాడని ఆయన బెంగ. ఫోన్ ఆరేదాకా ఆగమని కోడలు కాళ్లు పట్టుకుంది. ఆగాడు పాపం. కన్నతండ్రి, ఆయనకి మాత్రం ఆశ ఉండదా?

ఫోన్ ఆరితేనా! మూత తీసినప్పుడల్లా బియ్యం తడిసి ముద్దయి ఉండేవి. పారబోసి వేరేవి పోస్తే అవీ తడిసేవి. అరచేతిలో పట్టేదానిలో అన్ని నీళ్లెక్కడివి? వంటిల్లంతా నాచు కంపు. చివరికి ఆమే ఓడిపోయింది.

"కానిచ్చీండి, మావయ్యా," అంది.

మగవాళ్లు పొద్దున్నే బొమ్మని మోసుకెళ్లారు. ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లకూడదు కాబట్టి ఆమె వంటింట్లో ఒక్కతే కూర్చుంది. బయట ముసురు పట్టింది. కరెంటు లేదు.

డబ్బాలో ఏదో గుర్రుమంది...

మూత తీసింది. తడి బియ్యం అడుగున పచ్చటి వెలుతురు. కిటికీ వైపు చూసింది. బ్యాటరీ అక్కడే ఉంది...

ఫోన్ పైకి లాగి, మీట నొక్కి చెవికి ఆనించుకుంది. ముందు కెరటాల హోరు. తర్వాత, సన్నగా, అతని గొంతు.

"గౌరీ... ఒడ్డు కనపడతంది. ఒచ్చేత్తన్నాను."

బతికే ఉన్నాడు. తన మనిషి బతికే ఉన్నాడు.

"ఏటిది... ఒల్లంతా మండతంది. నీల్లల్లో మంటేటి, గౌరీ? ఎవులంటించేరు?"

కాని పనని కూడా చూడలేదు. చెప్పుల్లేకుండా శ్మశానానికి పరిగెత్తింది. ఆపండి, ఆపండి అని దారంతా అరుస్తూనే ఉంది. చెవి దగ్గర గొంతు కాసేపు మూలిగింది. తర్వాత అదీ లేదు.

ఆమె వెళ్లేసరికి మంట చల్లారింది. మిగతావాళ్లు దూరంగా జరిగి నిలబడ్డారు. శ్రీరామ్మూర్తి ఒక్కడే బూడిద ముందు గొంతుక్కూర్చున్నాడు. కోడల్ని చూసి ఇక్కడికెందుకొచ్చావని కూడా అడగలేదు.

"ఒట్టి దర్భలేనమ్మా," అన్నాడు గుసగుసగా. "నా సేతుల్తోనే కట్టేను."

పుల్లతో బూడిద పక్కకి తోశాడు.

అడుగున ఎముకలున్నాయి.