తోక కత్తిరించిన రొయ్యలు

"ఓ మేడం! గా రొయ్యల తోకలెందుకు కత్తిరిస్తున్నరు?"

ఆత్మకూర్ దగ్గరి కృష్ణా మడుగులోకి తన పుట్టిని, గుండ్రటి తెప్పను, దించుతూ గిరి అరిచాడు. రొయ్యల మీద పరిశోధనకు హాలియా నుంచి వచ్చిన ఉమారాణి తలైనా ఎత్తలేదు.

"కొసనే కత్తిరిస్తున్న, గుర్తు కోసం. రెండు వందలు వదులుతున్న. రేపటి నుంచి మీ వలల పడ్డయన్నీ నాకు చూపెట్టాలె, గుర్తున్నయి మళ్ల నీళ్లల్ల వదిలేస్త. గుర్తున్నయెన్ని, లేనియెన్ని అని చూస్తే మడుగుల మొత్తం ఎన్నున్నయో కంప్యూటర్ల మోడల్ లెక్కగట్టి చెప్తది."

"తక్కువుంటే?"

"మూడు నెలలు వేట బంద్."

చేపల సంఘం పెద్ద గిరి తండ్రే, లింగస్వామి. వింటే ఊరుకుంటాడా?

మర్నాడు గుర్తున్న రొయ్య ఒకటి దొరికింది. "అరే, దొరికిందా!" అంటూ ఉమ చిన్నపిల్లలా గంతేసింది. అంతే, గిరి పని అయిపోయింది. వాన కొట్టినా, ఎండ మండినా ఇరవై రోజులు రొయ్యలు తెచ్చి చూపిస్తూనే ఉన్నాడు.

ఇరవై ఒకటో రోజు ఉమ లాప్‌టాప్ మూసి, దిగులుగా లింగస్వామి ముందు కూర్చుంది.

"మడుగుల మూడు వందలు గూడ లేవు పెద్దయ్యా. బంద్ చెయ్యమని సర్కారుకు రాయాలె."

"యాభై ఇండ్లు ఏం తినాలె బిడ్డా?"

గిరి ఇక ఆగలేకపోయాడు. "రొయ్యలున్నయి మేడం! తప్పు నాది. ఎక్కువ గుర్తున్నయే ఏరి తెచ్చిన. మిగతాయి సక్కగ అంగడికి పంపిన."

"ఎందుకు?"

"గుర్తున్నది చూస్తే నువ్వు నవ్వుతవ్. గందుకే."

ఉమ మొహం ఎర్రబడింది. కోపమో, సిగ్గో ఆమెకే తెలియాలి. "పిచ్చోడా! నా లెక్కంతా ఖరాబ్ చేసినవ్" అని లేచి, పుట్టెక్కి కూర్చుంది.

వారం రోజులు తనే వెంట తిరిగి ప్రతి రొయ్యనూ లెక్కపెట్టింది. నూరింటిలో గుర్తున్నవి నాలుగే. వదిలిన రెండు వందలు నూటికి నాలుగంటే, మడుగులో మొత్తం అయిదు వేలు!

"బంద్ అవసరం లేదు పెద్దయ్యా. గుడ్లున్న రొయ్యలు పడితే మళ్ల నీళ్లల్ల వదిలేయండి, చాలు."

లింగస్వామి సరేనన్నాడు. ఉమ సంచీ సర్దుకుంటుంటే గిరి మొహం వాడిపోయింది.

"ఇగ నీకు చూపెట్టే పని లేనట్టేనా?"

"ఉంది. ఐతారం హాలియాకు రా. మా అమ్మకు, నాయినకు చూపెట్టాలె."

"రొయ్యలనా?"

"నిన్ను!"

లింగస్వామి పకపకా నవ్వి కొడుకు వీపు మీద ఒకటి చరిచాడు.

"రొయ్యలను ఏరుడు తప్పే గని, గీ పిల్లను మాత్రం మంచిగ ఏరినవ్ రా!"