చనిపోయినవాడి అరెస్టు

"ఎనిమిదింటికి నల్లగొండ కౌంటింగ్ హాల్లో బాంబు పేలుతుంది. విదేశీ ముఠా పని. ఏ పెట్టెలో ఉందో తెలీదు. పేలగానే ఈ నలభై మందినీ అరెస్టు చెయ్యి."

నార్కట్‌పల్లి చౌరస్తాలో అంబాసిడర్ అద్దం దించి కవరందించాడు చీఫ్. స్టీరింగ్ దగ్గర డ్రైవర్ జంగయ్య తల తిప్పలేదు. నెలరోజులుగా లక్కగాజుల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ మక్సూద్ కవరును గాజుల పెట్టెలో దాచాడు.

బస్సులో విప్పాడు. మొదటి పేరు రెండుసార్లు చదివాడు. గురవయ్య, పంతులు, రామన్నపేట.

ఎమర్జెన్సీలో ఆ పేరు రాసిచ్చింది తనే. "సమాచారం కోసమేనోయ్" అన్నారు పైవాళ్ళు. గురవయ్య చాయ్ కూడా పోశాడు. "పేరు తప్పులేకుండ రాస్కో బిడ్డా" అన్నాడు. జైల్లోనే పోయాడు. పద్నాలుగేళ్ళ తర్వాత పాత జాబితాకే కొత్త తేదీ వేశారు.

హాలు గేటు దగ్గర నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, భుజాన కెమెరా. విలేకరి వేషంలో అజీజా. ముఠా జీతం, డిపార్ట్‌మెంట్ జీతం రెండూ తీసుకునే డబుల్ ఏజెంట్.

"గాజులేం రంగున్నయ్, భాయ్?" కోడ్ ప్రశ్న.

"పొద్దుగూకిన రంగు, బేగం సాబ్. బాంబు నీ ముఠాదేనా?"

"మావోళ్ళదే. లోపలికి రానిచ్చింది మీ చీఫ్."

"ఎందుకు?"

"ఓట్లు కాలిపోతయ్. జనం బెదురుతరు. ఎలక్షన్లు తర్వాత, ముందుగాల పోలీసోళ్ళు కావాలె అని వాళ్ళే మొత్తుకుంటరు. ఇగ మీ చీఫ్‌కు అడ్డమెవడు?"

"నాకెందుకు చెప్తున్నవ్?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. "నీకిచ్చిన జాబితాల ముప్పై ఏడో పేరు మా అబ్బాజాన్‌ది."

మక్సూద్ జాబితా ఆమె చేతిలో పెట్టాడు. "పేపరోళ్ళకియ్యి."

డిపార్ట్‌మెంట్ కార్డు చూపి హాల్లోకి నడిచాడు. ఏడు యాభై ఆరు. అరవై బ్యాలెట్ పెట్టెలు. గాజులకు అలవాటైన వేళ్ళు లక్క ముద్రలు తడుముతూ పోయాయి. అన్నీ గట్టిగా, పెళుసుగా ఉన్నాయి. వెనక ఎవరో చాయ్ పోస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నలభై రెండో పెట్టె ముద్ర వేలికంటింది. పోలింగ్ నాడు, మూడు రోజుల కిందట వేసిన లక్క అంటుకోదు. ఇది గాజుల లక్క. మొన్న తన దగ్గరే ఓ ముద్ద కొన్నాడు జంగయ్య. "మా ఇంటిదాని గాజు అతుకుత భాయ్."

గాజులో దాచిన బ్లేడుతో ముద్ర కోశాడు. మూత తీశాడు. గడియారం, రెండు తీగలు. ఎర్రది తెంపాడు. ముల్లు ఆగింది, ఎనిమిదికి మూడు సెకన్లు ఉండగా.

మైకు గరగరలాడింది. "మొదటి రౌండు లెక్కింపు..."

గాజుల పెట్టె అడుగున దాచిన వైర్‌లెస్‌లో చీఫ్. "పేలలేదేం? అరెస్టులు?"

"మొదటాయనతోనే షురూ చేస్త సార్. రామన్నపేట శ్మశానానికి జీపు పంపుండ్రి. జంగయ్యనూ కూసోబెట్టుండ్రి. లక్క ఎవరు కొనమన్నరో పంతులు అడుగుతుండు."