పలక మీద అరవై రోజులు

"నేను మొహానికి పౌడరు రాసుకుంటే మీ మిషన్ పాడవుద్దా?"

కోటిరత్నం నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది. నేను పెరట్లో టబ్బు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. టబ్బులో సర్ఫు నీళ్ళు, నీళ్ళలో అల్యూమినియం రేకుల పెట్టె.

"అట్ల కాదండీ. ఈ నీళ్ళు చూడండి, తెల్లగా వస్తాన్నాయి. మీ ఫ్యాక్టరీ దుమ్మైతే నల్లగా రావాల. అందుకని..."

"అందుకని డబ్బాలు డబ్బాలు పూసుకుంటానని కనిపెట్టినారు!"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నాకు ఊరంతా అక్కర్లేదు, మార్కాపురంలో ఈ ఒక్క ఇల్లు మంచిదైతే చాలు. అదీ చెడగొట్టుకున్నాను.

నా పేరు శేషగిరి. మాది కొనకనమిట్ల. ఇక్కడ ఎలక్ట్రికల్ షాపులో మెకానిక్కుని. రత్నం వాళ్ళ నాయన తిరుపతయ్య గారికి పలకల ఫ్యాక్టరీ ఉంది. ముప్పై ఏళ్ళు రాతి దుమ్ము పీల్చి ఆయన ఛాతీ దెబ్బతింది. రాష్ట్రం రెండైన మరుసటేడు, డాక్టరు చెప్పాడని, గాలిని శుభ్రం చేసే ఈ ఎలక్ట్రానిక్ మిషన్ తెప్పించారు. దుమ్మంతా లోపలి కరెంటు రేకులకు అంటుకుంటుంది. రెండు నెలలకోసారి వాటిని కడిగి, ఒకరోజు నీడలో ఆరబెట్టి బిగించాలి. అంతే పని.

మొదటిసారి కడిగినప్పుడే చెప్పాను, "అరవై రోజులకోసారి కడగాల. తేదీ ఎక్కడన్నా రాసిపెట్టుకోండి" అని. పలకల వాళ్ళు కదా, కాగితం కోసం వెతకలేదు. రత్నం కొత్త పలక తెచ్చి సరిగ్గా మిషన్ పైన మేకుకు తగిలించింది. నేను బలపంతో తేదీ రాశాను.

"కోడి గెలికినట్టుంది మీ రాత" అని నవ్వింది. ఆ నవ్వు చూసినప్పటి నుంచీ నా బుద్ధి కుదురుగా లేదు.

పన్నెండో రోజు ఫోను. మిషన్లో చిటపట శబ్దం. వెళ్ళి కడిగాను. పది రోజులకు మళ్ళీ అదే. బోరు నీళ్ళ ఉప్పేమోనని క్యాను నీళ్ళతో కడిగాను. తీగ తెగిందేమోనని భూతద్దం పెట్టి చూశాను. ఏమీ అంతుబట్టలేదు. షాపులో నా తోటి మెకానిక్ ఏబేలు మాత్రం ఒక్క మాటలో తేల్చేశాడు. "ఆ పిల్లే పాడుచేస్తాంది రా, నిన్ను చూడాలని."

ఆ మాట నమ్మాలని నాకెంత ఆశో! నమ్మితే ఆమె మంచిది కాకుండా పోతుంది. నమ్మకపోతే నాకు పని రానట్టవుతుంది. ఎటూ సుఖం లేదు.

ఇప్పుడు టబ్బు ముందు కూర్చుని, ఆ గందరగోళంలోనే నోరు జారాను. "పౌడరు కాకపోతే... మీరే ఏమన్నా చేస్తాన్నారేమో?"

"ఏందీ? నాయన ఊపిరితో ఆటలాడతానా నేను? మీరే సగం సగం కడిగి పోతాన్నారనుకుంటి, మళ్ళీ రావచ్చని!"

"నేనా?"

"మీరే!"

ఇద్దరం గుడ్లప్పగించి చూసుకున్నాం. లోపలి నుంచి దగ్గు, దాని వెనకే తిరుపతయ్య గారు వచ్చారు.

"అబ్బాయ్, నిన్న నాలుగు మెట్లెక్కలేకపోతిని. రేపు బిగించు. ఈసారి గానీ చప్పుడొస్తే మిషన్ను వెనక్కి పంపించేస్తా."

"అట్లనే సార్."

మిషన్ పోతే ఆయనకు గాలి కరువు, నాకు ఈ గడప కరువు. సైకిలెక్కానే గానీ ఎటు తొక్కుతున్నానో తెలియలేదు.

మరునాడు శనివారం వాన. మా వైపు వాన కొత్తల్లుడి లాంటిది. పిలిస్తే రాదు, వచ్చినప్పుడే మర్యాద చేసుకోవాలి. తడుస్తూ వెళ్ళి, ఆరిన రేకుల పెట్టెను బాణం గుర్తు చూసి దూర్చాను. స్విచ్ వేశాను. చప్పుడు లేదు. రత్నం కూడా చప్పుడు చేయలేదు, టీ గ్లాసు మాత్రం టక్కున పెట్టి పోయింది.

వరండాలో టీ తాగి, స్క్రూడ్రైవరు మరిచానని లోపలికి వచ్చాను. రత్నం పలక ముందు నిలబడి ఉంది. నా తేదీ లేదు. ఆ చోట పెద్దగా 60 అని ఉంది. నన్ను చూడగానే గబగబా చున్నీతో చెరిపేసింది. తెల్లటి పొడి జల్లెడలోంచి రాలినట్టు నేరుగా మిషన్ నోట్లోకి పోయింది.

చిట్. చిటపట.

ఇద్దరం మిషన్ను చూశాం. తర్వాత పలకను చూశాం.

"అరవై అని ఎందుకు రాసినారు?"

తల వంచుకుంది. "మీరు మళ్ళీ వచ్చేదానికి అరవై రోజులంటిరి కదా. రోజూ ఒకటి చెరిపి, ఒకటి తగ్గించి రాసుకుంటా. మీరొచ్చే పూట మళ్ళీ మీ తేదీ పెడతా. ఆ కోడి గెలుకుడు నేర్చుకునేసరికి తలప్రాణం తోకకొచ్చింది."

నేను పలక కేసి చూశాను, చెరిపిన తెల్లటి చార ఇంకా ఉంది.

"నలభైకి రాకముందే మిషన్ పాడవుతాండె, మీరొస్తాంటిరి. నాకు సంతోషం. నాయన దగ్గితే ఏడుపు. ఏమనుకోవాల్నో తెలియకపోయె. తీరా చూస్తే చేసింది నేనే!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

స్విచ్ ఆపేశాను. "తప్పు నాది రత్నం గారూ. పలక ఈడ తగిలిస్తాంటే మిషన్ను చూడాల్సినవాణ్ణి, మిమ్మల్ని చూస్తా నిలబడితి. మీరంటే నాకు ఇష్టం. మొదటి రోజు నుంచీ."

"పలక వంటింట్లో తగిలించమ్మా" అన్న గొంతు వినబడింది. తిరుపతయ్య గారు గుమ్మంలో ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో!

"ఈ పొడి తుడిచేస్తే ఇంక చప్పుడు రాదు సార్. రెండు నెలల దాకా నాకీడ పని లేదు" అన్నాను. బాగుచేసినందుకు ఇంత దిగులు నాకెప్పుడూ కలగలేదు.

"పని లేకుంటే రాగూడదా? ఊళ్ళో పిల్లలంతా నన్ను బాబాయ్ అంటారు. నువ్వొక్కడివే సార్ సార్ అంటివి. బాబాయ్ అంటే ఇది చెల్లెలవుద్దని భయం కదా?"

స్క్రూడ్రైవరు వెతుకుతున్నట్టు నేలకేసి చూశాను.

"రేపు ఆదివారమే. మీ నాయనను తోడుకొని రా."

"అట్లనే సా..." నాలుక కరుచుకున్నాను. "అట్లనే మామా."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వు చివర ఎప్పుడూ వచ్చే దగ్గు కోసం ముగ్గురం ఆగాం. అది రాలేదు.

రత్నం పలక తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. బలపం గీరిన చప్పుడు. తొంగి చూశాను. అరవై లేదు, నా కోడి గెలుకుడూ లేదు. గుండ్రటి అక్షరాలతో ఒకటే మాట రాసి ఉంది: రేపు.