రెక్కలు కవలలు కావు

“విమానం లేస్తే కూలుతుంది. కూల్చేవాడు కన్సల్టెంట్ హార్విక్. ఎలాగో తెలీదు. నీకు అరగంట టైముంది.”

బాందుంగ్ రన్‌వే పక్కన బక్సో సూప్ బండి దగ్గర చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ యాయత్ సూప్ వదిలేసి లేచాడు. ఆర్నెల్లుగా అతడు విమానం నమూనాల్ని గాలికి పెట్టి పరీక్షించే విండ్ టన్నెల్లో చీపురు పట్టిన గూఢచారి. ఇవాళ విమానం చక్రాలకి అడ్డుపెట్టిన దిమ్మలు లాగే కూలీ వేషం.

హార్విక్ ఇంటర్‌ప్రెటర్ నెందెన్ ఎర్ర హైహీల్స్‌తో ఎదురొచ్చింది. రెండు పక్షాలకూ పనిచేసే మనిషి.

“సురాబి అట్టు చల్లారింది, కాంగ్,” అని అన్నని పిలిచినట్టు పిలిచింది.

అది కోడ్. పని జరిగిపోయిందని అర్థం.

“ఏం చేశాడు, తేహ్?” అతడూ అక్కని పిలిచినట్టే అడిగాడు.

“రెండు రెక్కలూ ఒకేలా ఉండాలని కాగితం పెట్టాడు. మన ఫ్యాక్టరీ డైరెక్టర్ చదవకుండా సంతకం గీకాడు. శుక్రవారం అందరూ నమాజుకెళ్ళాక తన మనుషులతో కుడిరెక్క ముందంచు ముక్కలు మార్పించాడు.”

“తెల్లతోలు చెబితే మన డైరెక్టర్ తన తలైనా తిప్పి బిగించుకుంటాడు!”

చీపురు పట్టినవాడికి తెలిసిన సంగతి డైరెక్టర్‌కి తెలీదు. రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిక్కుకి తిరుగుతాయి. గాలి మెలికలు తిరుగుతూ వెనక్కొస్తుంది. ఇంజిన్‌కి ఒక పక్క రెక్కని కింది నుంచి ఎగదన్నుతుంది, ఇంకో పక్క పైనుంచి అదుముతుంది. ఎగదన్నే చోట రెక్క ముందంచుని కిందికి వంచాలి. ఎడమరెక్కకి అది ఇంజిన్ బయటివైపు, కుడిరెక్కకి లోపలివైపు. ఒకేలా చేస్తే కుడిరెక్కకి గాలి పట్టు తప్పి విమానం పల్టీ కొడుతుంది. పైలట్ దుదుంగ్‌తో కలిపి నలుగురి శవాలు విదేశీ కొనుగోలుదారుల కళ్ళముందు పడతాయి. ఇక ఈ దేశపు విమానాన్ని కొనేదెవడు? హార్విక్ వెనకున్న ముఠాకి కావలసిందదే.

యాయత్ పరుగెత్తాడు. విమానం బ్రేకుల మీద నిలబడి పూర్తి పవర్‌తో గర్జిస్తోంది. గాలి పోకడ కనబడాలని పనివాళ్ళు రెక్కల మీద అంటించిన పసుపు ఉన్నిపోగులు ఎడమ పక్క బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. కుడి ఇంజిన్ లోపలివైపు మాత్రం పిచ్చెత్తినట్టు తలలు బాదుకుంటున్నాయి.

“దిమ్మలు లాగెయ్, గాడిదా!” రేడియో చేతబట్టి హార్విక్ అరిచాడు.

“నువ్వే లాక్కో, దొరా!”

హార్విక్ చెయ్యి కోటు లోపలికి పోయింది. వెనకే పరుగెత్తుకొచ్చిన నెందెన్ హీల్ అతడి పాదంలో దిగింది. పిస్టల్ కాంక్రీటు మీద దొర్లింది.

యాయత్ విమానం ముక్కు ముందు నిలబడి, ఆపమని తలపైన చేతులు అడ్డంగా కట్టాడు. రెండు క్షణాలు. మూడో క్షణంలో దుదుంగ్ ఇంజిన్లు ఆపాడు.

వేదిక మీద డైరెక్టర్ మైకు అందుకున్నాడు. “మా బ్రేకుల పరీక్ష చూశారుగా!” అతిథులు చప్పట్లు కొట్టారు. ఆయన వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.

విమానం నేల మీదే ఉంది. గాల్లో తేలుతున్నది డైరెక్టర్ ఒక్కడే.