కెమెరా ముందు పగిలిన గాజులు

"చెయ్యి సాపు, అనసూర్యా. పొద్దెక్కుతున్నది."

మొగిలి పోయి పది రోజులు. గోదావరిఖని క్వార్టర్ వాకిట్లో పీట వేసి అతని భార్యను కూర్చోబెట్టారు. మొగిలి మేనత్త సమ్మవ్వ చేతిలో రాయి ఉంది. అనసూర్య చెయ్యి చాపలేదు. గుమ్మంలో నిలబడ్డ అత్త సారవ్వ వైపు చూసింది. తొమ్మిదేళ్లుగా ఆమె ఈ కోడలితో ఒక్క మాట మాట్లాడలేదు...

1987లో మొగిలి పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. అదే కెమెరాతో గని ప్రమాదం మీద మొదటి టెలిఫిలిం మొదలుపెట్టాడు. చివరి సీనులో, గనిలో చనిపోయినవాడి శవం ముందు అతని భార్యకు గాజులు పగలగొట్టాలి. ఆ వేషం వెయ్యాల్సినామె రాలేదు.

"గీ సీను లేకుంటె సిన్మానే లేదు, అనసూర్యా."

"గాజులే గద. నేను కూసుంట."

నల్లా నుంచి బిందెతో వచ్చిన సారవ్వ చూసింది. మొగుడు బతికుండగానే కోడలి గాజులు పగులుతున్నాయి! బిందె జారి వాకిలంతా నీళ్లయ్యాయి.

"నా కొడుకును సంపుకుంటున్నవా?"

అదే ఆమె కోడలితో అన్న ఆఖరి మాట.

ఆ టెలిఫిలిం టీవీలో వచ్చింది. మొగిలిని హైదరాబాద్ పిలిచింది. రెండు సీరియళ్లు, ఒక సినిమా... రెండో సినిమా అవుట్‌డోర్‌కు వెళ్తూ జీపు బోల్తా పడింది.

"అత్తా..." అంది అనసూర్య. "నేనే సంపిన్నా ఆయన్ను?"

సారవ్వ మెట్లు దిగింది. సమ్మవ్వ చేతిలోని రాయి లాక్కుంది.

"రివాజు తప్పద్దు, వదినె," అంది సమ్మవ్వ.

"రివాజు ఎన్నడో అయిపాయె. నా కొడుకే జేయించిండు. ఊరంత సూసింది."

రాయి మురికికాలువలో పడింది. సారవ్వ కోడలి ముందు నేల మీద కూలబడింది.

"మొన్న వాని యాదిల టీవీల మల్ల ఏసిండ్రు. గా సీను నేను మొన్ననే మొదటిసారి సూసిన. నువ్వు పీనుగ దిక్కు సూడలె, బిడ్డా. కెమెరా ఎనక ఉన్న వాని దిక్కే సూసినవ్... మంచిగొచ్చిందా అని అడిగినట్టు. గసొంటిదాన్ని పట్టుకొని ఎంత మాటంటి..."

అప్పుడు చాపింది అనసూర్య చేతులు. సారవ్వ వాటిని తన ఒళ్లోకి తీసుకుంది. మొగిలి తెచ్చిన ఎర్రగాజులు గలగలమన్నాయి. పగలలేదు.