డిస్కు మీద తేదీ

బ్రేకుల విషయంలో టీచరమ్మంత చాదస్తం ఇంకెవరికీ ఉండదు. స్పేర్ పార్టుల దుకాణంలో గంటన్నర నిలబడి, నాలుగు రకాల డిస్కులు కిందికి దించించి, అంచు మీద అచ్చేసిన మందం చదివి, వేలితో నిమిరి మరీ ఎంచుకుంది.

"ఒకవైపు మార్చి ఒకవైపు వదిలేస్తే బండి పక్కకి లాగుతుంది. జతగా ఇవ్వండి. వాటితోపాటే ప్యాడ్లూ కొత్తవి" అని దుకాణదారుకే పాఠం చెప్పింది.

"మీరే షెడ్డు పెట్టొచ్చు కదా మేడమ్" అన్నాడతను.

"షెడ్డు మా అన్నయ్యకుంది" అంది గర్వంగా.

ఆ చాదస్తానికి కారణముంది. ఆమె పనిచేసే బడి కొండ మీద, ఇల్లు కొండ కింద. రోజూ సాయంత్రం ఏడేళ్ల కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని ఇరవై కిలోమీటర్లు దిగాలి. బడి నుంచి సరిగ్గా పన్నెండో కిలోమీటరులో పెద్ద మలుపు. ఆరు నెలల కిందట వదిన కారు లోయలో పడింది అక్కడే. రెండిళ్లకీ ఒకే రకం కారు.

డిస్కులు పగిలాయని చెప్పి, అన్నయ్య ఆ ముక్కలు అందరికీ చూపించాడు. వదిన వాళ్లమ్మ నమ్మలేదు. ఆలుమగలకు పడటం లేదనీ, తనకు అనుమానంగా ఉందనీ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆ పెద్దావిడకి అడ్డం నిలబడింది టీచరమ్మే. "మా అన్నయ్య అలాంటివాడు కాదు. నా బిడ్డ మీద ఒట్టు" అంది.

ఆదివారం అన్నయ్య కొత్త బ్రేకులు బిగించి, పాత డిస్కుల్ని కొత్త పెట్టెల్లో పెట్టి చేతికిచ్చాడు. తీసిన సామాను చూపించందే కారు ఇవ్వకపోవడం ఆ షెడ్డు పద్ధతి. ఇంకో పద్ధతి వదినది. సామాను గది ఆమే చూసుకునేది. ఏ డిస్కు బిగించినా దాని నడిమి బొడ్డు మీద తెల్లరంగు పెన్నుతో తేదీ, మీటరు అంకె రాసేది. విప్పిన రోజున కింద ఇంకో వరుస రాసేది. ఆమె పోయాక ఆ పని ఎవరూ చెయ్యలేదు.

సోమవారం బడి వదిలేసరికి పొగమంచు కిందికి దిగింది. గేటు దాకా కారు బాగానే వచ్చింది. గేటు దాటితే దిగుడు మొదలు. అక్కడ ఆగిపోయింది.

టీచరమ్మ కిందికి చూసింది. ఆమె పాదం బ్రేకు మీద లేదు. అయినా పెడల్ నేలకి అణిగి ఉంది. మెల్లగా లేచింది... మళ్లీ అణిగింది. ఎవరో కాలు పెట్టి తొక్కినట్టు. కారులో పెన్ను రంగు వాసన ఘాటుగా కమ్ముకుంది. ముందు చక్రంలోంచి గరగరమని చప్పుడు... బండి ఆగి ఉన్నా ఆగని చప్పుడు.

"అమ్మా, ఎవరు గీకుతున్నారు?" అంది పాప.

ఆమె పాపని దింపేసి అన్నయ్యకి ఫోన్ చేసింది. పైకొచ్చే బస్సులో వస్తున్నానన్నాడు. ఈలోగా ఫోన్ లైటు వేసి చక్రం సందుల్లోంచి లోపలికి చూసింది.

తెల్లని అక్షరాలు. ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత. అలా గీసేది వదినొక్కతే. తేదీ, వదిన పోవడానికి పది రోజుల ముందుది. ఆమె తన కారుకి కొత్త డిస్కులు వేయించుకున్న రోజది.

అంటే పగిలాయన్న డిస్కులు ఇవే. పగులు కాదు కదా, గీత కూడా లేదు. దెయ్యమన్న మాట అప్పటికి ఆమె మనసులోకే రాలేదు. మరి ఆ కారు బ్రేకులు పాడు చేసిందెవరు? అన్నయ్యే కళ్ల ముందు మెదిలాడు. గేటు పక్కన నిలబడి బస్సు కోసం చూసింది.

అన్నయ్య వచ్చి వంగి చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇదెలా... గరుకు కాగితంతో రెండుసార్లు రుద్దానే..." అని గొణిగి, ఠక్కున నోరు మూసుకున్నాడు.

"ఎందుకు రుద్దావు అన్నయ్యా?"

"మంచి ఇనుము, అమ్మలూ. పారెయ్యడానికి చేతులు రాలేదు. నీ కొత్తవి ఇంకొకరికి అమ్మొచ్చనుకున్నా."

"మరి మాకు చూపించిన ముక్కలు ఏ కారువి?"

అతను చేయి చాపాడు. "తాళాలివ్వు. ఇప్పుడే షెడ్డుకి తీసుకెళ్లి విప్పేస్తాను. నువ్వూ పాపా బస్సులో రండి. ఈ సంగతి ఇంట్లో అనకు."

వెన్నలా మాట్లాడే అన్నయ్య. తను బిడ్డ మీద ఒట్టు వేస్తే తలొంచుకుని విన్న అన్నయ్య. ఆ బిడ్డ కూర్చునే కారుకే వీటిని బిగించిన అన్నయ్య.

ఇంకోసారి వంగి చూసింది. ఇందాక లేని రెండో వరుస ఉందిప్పుడు. ఈ రోజు తేదీ. పక్కన మీటరు అంకె, నలభై ఒక వేల రెండువందల పద్దెనిమిది. వేలు పెడితే రంగు అంటుకుంది. తడిగా ఉంది.

పాప సంచి తీసుకునే నెపంతో కారులోకి తొంగి చూసింది. మీటరు మీద నలభై ఒక వేల రెండువందల ఆరు.

ఇంకా పన్నెండు.

చెబుదామని మాట నాలుక చివరిదాకా వచ్చింది. పాప ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది. టీచరమ్మ తాళాలు అన్నయ్య చేతిలో పెట్టింది.

అంతసేపూ మొండికేసిన కారు అతనికి మాత్రం నున్నగా కదిలింది. చప్పుడు లేదు. మంచులో కలిసిపోయింది.

పావుగంటకి బస్సు బయల్దేరింది. వేలికంటిన రంగుని ఆమె కొంగుతో తుడుస్తూనే ఉంది. పోలేదు, ఆరనూ లేదు. కిటికీలోంచి ఆరో కిలోమీటరు రాయి వెనక్కి వెళ్లింది. అప్పుడు రంగు ఒక్కసారిగా ఎండి, పొలుసులై ఒళ్లో రాలింది.

ఫోన్ మోగింది. అన్నయ్య నంబరు.

"అన్నయ్యా..." అంది.

అవతల గరగరమని చప్పుడు. ఎవరో తీరిగ్గా కూర్చుని, గరుకు కాగితంతో, దేన్నో రుద్ది చెరిపేస్తున్నారు.