బగ్గీ మీద తెరచాప

అత్తగారు తలుపులమ్మ ద్రాక్షారామం వెళ్ళిన మర్నాడే మరిడమ్మ అటకెక్కి ఆ తెరచాపను కిందికి దించింది! తీరా కత్తి పట్టుకున్నాక చేతులు ఎక్కడా ఆగలేదు. ఆ తరవాత తలుచుకున్నప్పుడల్లా ఆమెను కాల్చుకుతిన్నది ఆ సంగతే. పాపిష్ఠి చేతులు ఒక్క క్షణమైనా వెనక్కి తగ్గి ఉండకూడదా!

అది మామూలు గుడ్డ కాదు. మామగారు ముసలయ్య నావ తెరచాప. ఉప్పెన వచ్చిన ఏడు వేటకు పోయిన ముసలయ్య మళ్ళీ ఇల్లు చేరలేదు. నావ మొగల్తూరు ఒడ్డుకు కొట్టుకొచ్చింది, దాని కొయ్యకు చుట్టుకుని తెరచాప వచ్చింది, మనిషి మాత్రం రాలేదు. శవం కూడా దొరకలేదు. చేపలు పట్టే ఆ పల్లెకారుల పేటలో పూర్వం నుంచీ ఒక పద్ధతి ఉంది. అలా పోయినవాడి తెరచాపను ఇంట్లో పదిలంగా దాచినంత కాలం ఆ మనిషి ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క. అతని ఇల్లాలి బొట్టు జోలికి గానీ గాజుల జోలికి గానీ ఎవరూ పోరు. ఆ గుడ్డకు కత్తి తగిలిన రోజున మాత్రం... ఆ మాట పైకి అనడానికే ఆడవాళ్ళు జంకేవారు! తలుపులమ్మ ప్రతి అమావాస్య వెళ్ళాక తెరచాపను ఎండలో పరిచి, దుమ్ము దులిపి, పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా మడత పెట్టేది. ఏడాదికోసారి పడవలు మారి, కాళ్ళీడ్చుకుంటూ ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరస్వామిని ఒకే ఒక్క మాట అడిగి వచ్చేది. కొడుకు పల్లంరాజు చేత మాత్రం, బతికుండగా సముద్రం మీదకు పోనని, చిన్నప్పుడే ఒట్టు వేయించుకుంది.

ఒట్టు సరే, కూడు ఎక్కణ్ణుంచి వస్తుంది? పల్లంరాజు బగ్గీ తోలేవాడు. కాలవల పని చూసిన దొర ఒకాయన సీమకు పోతూ, తన గుర్రం బాగోగులు చూసినందుకు దాన్నీ, ఆ పాత బగ్గీనీ అతనికే వదిలిపోయాడు. ఎత్తయిన చక్రాలు, నల్లటి నిగనిగలాడే పెట్టె, కావాలంటే పైకెత్తుకుని అక్కర్లేదంటే వెనక్కి మడుచుకునే తోలు టాపు! ఆ బగ్గీ వీధిలోకి వస్తే జనం పక్కకు తప్పుకునేవారు. తోలేవాడికి లేని మర్యాద బండికి ఉండేది. మొగల్తూరు నుంచి నరసాపురం కోర్టుకు వెళ్ళే ప్లీడరు జగన్నాథరావు గారు దాన్ని రోజువారీగా కుదుర్చుకున్నారు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆయన చలవ వల్లే. అయితే ఎన్నో వానలూ ఎండలూ తిన్న ఆ తోలు మడతల దగ్గర బీటలువారి, ఆ ఏడు తొలి వానకే నాలుగు చోట్ల నోళ్ళు తెరిచింది. ప్లీడరు గారి తలపాగా, కాగితాలు అన్నీ ముద్దయ్యాయి.

"ఏరా పల్లంరాజూ! నేను కోర్టుకు పోతున్నానా, గోదావరి స్నానానికి పోతున్నానా? వచ్చే వారానికి కొత్త టాపు వేస్తే సరే సరి, లేదంటే నేను వేరే బండి మాట్లాడుకుంటాను" అన్నారాయన, ముక్కు చీదుకుంటూ.

తలుపులమ్మ ద్రాక్షారామం బయల్దేరిన ఆ సాయంత్రం పల్లంరాజు ఇంటికొచ్చి గడపలోనే కూలబడ్డాడు.

"తోలు పనివాడు చూసి పెదవి విరిచేశాడే మరిడీ. ఇది కుట్టుకి ఆగదంట. కొత్త తోలు రాజమండ్రి నించి రావాలంట. అది వచ్చేసరికి వానలే వెళ్ళిపోతాయి. ఇక లాభం లేదు... చిట్టియ్య నావలో ఒక మనిషి తక్కువున్నాడంట. వచ్చే వారం నించి నేనెక్కుతాను."

"అత్తకి ఒట్టేశావు కదా మావా! సముద్రం మీదకి పోనని!"

"ఒట్టేస్తే కుండలోకి బియ్యం వస్తాయేంటే? అమ్మకి చెప్పకు. నేను వేట నించి తిరిగొచ్చాక చూసుకుందాం."

మరిడమ్మ కళ్ళముందు అత్తగారే కనిపించింది... గుడ్డ దులుపుతూ, మడత పెడుతూ, రేవు వైపు చెవి ఒగ్గి కూర్చున్న అత్తగారు. రేపు తానూ అలాగే కూర్చోవాలా? తన మొగుడి తెరచాపను తానూ అలాగే ఎండబెట్టుకోవాలా? వద్దు తల్లీ, వద్దు! పోయినవాడి కోసం ఉన్నవాణ్ణి ఎలా పోగొట్టుకోను? తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ఏటేటా ముంచి తీసిన గట్టి గుడ్డ అది. చుక్క నీరు దిగదు. ఎన్నిసార్లు మడిచినా బీటలువారదు. బగ్గీకి అంతకన్నా మంచి టాపు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే పల్లంరాజు బండి తోలుకుని వెళ్ళగానే ఆ పని చేసింది. అతను విప్పి పడేసిన పాత తోలును నేలమీద పరిచి, దాని కొలతకే తెరచాపను కోసింది. కత్తి దిగినప్పుడు వచ్చిన చప్పుడు తానే వినలేకపోయింది. గుడ్డ మధ్యలో ఒక మాసిక ఉంది. పాత ఎర్రచీర ముక్కను నాలుగు మూలలా దగ్గర దగ్గరగా కుట్టిన మాసిక. ప్లీడరు గారి బండికి పైన మాసిక కనిపిస్తే నలుగురూ నవ్వరూ? అందుకని గుడ్డను తిరగేసి, మాసిక లోపలి వైపుకు వచ్చేటట్టు కుట్టింది. తెలివైన పనే చేశాననుకుంది, పిచ్చితల్లి!

సాయంత్రం పల్లంరాజు వచ్చి ఆ గుడ్డను చూశాడు. వంగి అంచు పట్టుకుని వెలుతురుకేసి తిప్పాడు.

"అయ్య తెరచాప కదే ఇది..." అన్నాడు చివరికి.

"అవును మావా. తిట్టు. కొట్టు. సముద్రం మీదకి మాత్రం పోకు!"

అతను తిట్టలేదు, కొట్టలేదు. అన్నం ముందునుంచి లేచిపోయాడు. తెల్లారాక మాత్రం, ఎవరి మొహమూ చూడకుండా, ఆ గుడ్డను బగ్గీ వంపు కర్రల మీద బిగించి మేకులు కొట్టాడు. ఒక్కొక్క దెబ్బా మరిడమ్మ నెత్తిమీద పడుతున్నట్టే ఉంది. ప్లీడరు గారు టాపు ఎత్తించి, దింపించి, "భేష్" అన్నారు. ఆ వారమంతా బియ్యానికి లోటు లేదు. అయినా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా, తాను తినేది అత్తగారి పసుపుకుంకుమలేనని మరిడమ్మకు తెలుసు.

తలుపులమ్మ తిరిగివచ్చే రోజున మరిడమ్మ కూడా బగ్గీలో నరసాపురం రేవుకు వెళ్ళింది. అత్తగారు ఇంటికి వచ్చి అటక చూడకముందే, దారిలోనే కాళ్ళమీద పడి చెప్పేయాలని మరిడమ్మ ఆలోచన. రేవులో పడవ దిగిన అత్తగారు కోడల్ని చూసి మురిసిపోయింది. "నువ్వెందుకొచ్చావే ఇంత దూరం!" అంటూ కొంగు ముడి విప్పి స్వామివారి విభూతి నుదుట పెట్టింది. మరిడమ్మ చెప్పాల్సింది చెప్పకుండా ఆమె చేతిలో మూట అందుకుంది!

ఊరు దాటారో లేదో వాన అందుకుంది. పల్లంరాజు టాపు పైకెత్తి, తాను ముందు పలకమీద తడుస్తూ కూర్చున్నాడు. ఆడవాళ్ళిద్దరూ లోపల. "కొత్త టాపు వేశావురా అబ్బాయ్! చుక్క కారట్లేదు!" అని తలుపులమ్మ సంతోషంగా తలెత్తింది.

ఎర్రచీర మాసిక సరిగ్గా ఆమె కళ్ళెదుట ఉంది!

తలుపులమ్మ చెయ్యెత్తి ఆ మాసికను తడిమింది. ఒక్కొక్క కుట్టునూ వేలితో తడిమింది. ఆ చీర ఆమె పెళ్ళిచీర. ఆ కుట్లు ముసలయ్య చేతివి. మరిడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇప్పుడు పిడుగు పడినా బాగుండునని మొక్కుకుంది.

"బండాపరా" అంది తలుపులమ్మ, చాలా మెల్లిగా.

"అమ్మా! నేనే కోశానమ్మా! నన్ను చంపెయ్యి!" అని పల్లంరాజు పగ్గాలు వదిలేసి ఏడ్చాడు.

"కాదత్తా! అబద్ధం! ఈ చేతులతో నేనే కోశాను!" మరిడమ్మ ఆమె కాళ్ళు చుట్టేసుకుంది. "నీ కొడుకు సముద్రం మీదకి పోతానన్నాడు... చిట్టియ్య నావ ఎక్కుతానన్నాడు... భయపడి చచ్చానత్తా! నా మొగుణ్ణి దక్కించుకోడానికి నీ మొగుణ్ణి కోసేశాను! ఈ పాపం ఏ నీళ్ళలో కడుక్కోను నేను!"

తలుపులమ్మ కాళ్ళు విడిపించుకుని దిగిపోయింది. వానలో, బురదలో, రేవు వైపుకే తిరిగి నడక మొదలుపెట్టింది. మరిడమ్మ ఏడుస్తూ వెంటపడింది. పల్లంరాజు బండి తిప్పుకుని వెనకాలే వచ్చాడు. ముసలామె ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, ఎవరినీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది! గోదావరి ఒడ్డున నీళ్ళలోకి మోకాళ్ళ లోతు దిగాక వెనక్కి తిరిగింది.

"ఇటు రావే మరిడీ."

మరిడమ్మ వెళ్ళి తల వంచుకుని నిలబడింది.

"నువ్వు చేసింది తప్పేనే. నన్నడగాల్సింది. అడిగితే ఇచ్చేదాన్నో లేదో... ఏమో, ఇచ్చేదాన్ని కాదులే. కానీ నా తప్పు ఎవరికి చెప్పుకోను? ఈసారి స్వామి ముందు నిలబడి కళ్ళు మూసుకున్నానా... మీ మామ మొహం గుర్తు రాలేదే! ఎంత తలుచుకున్నా రాలేదు. మనిషి మొహం మర్చిపోయి, గాజులు మాత్రం వేసుకుని తిరుగుతున్నాను. పడవలో వచ్చినంతసేపూ అదే ఏడుపు. ఇంటికి పోయి ఏం మొహంతో ఆ గుడ్డ విప్పుతానా అని..."

"అత్తా! అలా అనకు అత్తా!"

"గుడ్డ తెగిపోయింది. మనిషీ పోయాడు. పేటలోవాళ్ళ చేత ఇది చేయించుకోను. నేనే చేసుకుంటాను. అడ్డం రాకు."

ఆమె రెండు చేతుల గాజులూ రేవు మెట్టు రాతికేసి కొట్టుకుంది! మరిడమ్మ గుండెలు పగిలేలా అరిచింది. ఒడ్డు మీద పల్లంరాజు "అయ్యా!" అని తండ్రిని పిలిచాడు. ఆ పిలుపు అన్నేళ్ళూ అతని లోపలే ఉండిపోయింది కాబోలు. తలుపులమ్మ నీళ్ళు దోసిట పట్టి, నుదుటి బొట్టు కడుక్కుని, భర్త పేరు మూడుసార్లు పలికి నీళ్ళు వదిలింది. తానే ఎవరి ఆసరా లేకుండా మెట్లెక్కి, బగ్గీ దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం ఆగింది. ఎక్కదేమో అనుకుంది మరిడమ్మ.

తలుపులమ్మ ఎక్కి, ఆ గుడ్డ కిందే కూర్చుంది. తరవాత ఒక చివరకు జరిగింది.

"వాణ్ణి కూడా లోపలికి రమ్మనవే. అట్టా తడుస్తున్నాడేంటి? వాళ్ళయ్య గుడ్డే కదా, ముగ్గురం సర్దుకోవచ్చు."

ఇద్దరికి సరిపోయే ఆ చోటులో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. గుర్రం తనకు తెలిసిన దారిన మెల్లిగా కదిలింది. పైన వాన హోరు, కింద ముగ్గురి ఏడుపు... ఏ ఏడుపు ఎవరిదో తెలియడం లేదు. కొంతదూరం పోయాక తలుపులమ్మ కోడలి చెయ్యి అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. తిడుతుందనుకుంది మరిడమ్మ, కొడుతుందనుకుంది. ఇలా చెయ్యి పట్టుకుంటుందని మాత్రం అనుకోలేదు. గాజుల్లేని ఆ మణికట్టు ఆమె చేతికి చల్లగా తగిలింది.

మొగల్తూరు చేరేదాకా మరిడమ్మ ఆ చెయ్యి వదల్లేదు. తలెత్తి పైకి మాత్రం చూడలేకపోయింది.